మోపు దింపించిన కొడుకును

మాయమ్మ బీడీ తాగలేదు. చుట్ట కాల్చలేదు. ఆకూవక్కా నమిలేది, అంతే. అట్లాంటి మనిషికి యీ వూపిరి జబ్బు యెట్లా వచ్చిందని నంద్యాలలో వొక ఆసుపత్రి డాక్టరమ్మ 2008లో నన్ను అడిగింది. "యింట్లో వంట దేనిమీద?" అనింది. "కట్టెల పొయ్యి మేడం" అన్నాను. "యేం కట్టెలు?" అనింది.

చిన్న ప్రశ్నే. జవాబు నాకు తెలుసు. అయినా నోరు పెగల్లేదు. పక్కన బల్లమీద కూచొని మాయమ్మ గసపోస్తావుంది. నా మొగం చూసి, "పత్తికట్టె తల్లీ" అని తనే చెప్పింది. అంతకుముందు యేం కట్టెలు కాల్చిందో, పత్తికట్టె దాకా యెట్లా వచ్చిందో చెప్పలేదు. చెబితే కొడుకు పరువు పోతుందని చెప్పలేదు. ఆ పొద్దు నేను మింగిన జవాబును యిప్పుడు రాస్తావున్నాను.

మాది ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల అడుగున వున్న వూరు. నేను పుట్టినప్పుడు కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. వూరి నీళ్లన్నీ చివరకు చేరే చోట మా మాదిగ్గేరి. గేరి దాటితే పోరంబోకు గుట్ట. గుట్ట నిండా తంగేడు. గుట్ట అవతల చేన్లు, చేన్ల అవతల కొండ. కొండకు పోయేదారి మాగేరి ఆడోళ్ల కాళ్లకు తెలిసినట్టు యింకెవరికీ తెలియదు.

మా నాయన తోలు పని చేసేవాడు. గేరి చివర మా లంద వుండేది. నేను చిన్నప్పుడు బడినుంచి వస్తానే నా పని తంగేడు చెక్క కొట్టుకొని రావడం. ఆ చెక్కలో వుండే వగరే తోలును కుళ్లకుండా పట్టుకుంటుంది. మద్రాసు రాష్ట్రం నాటి తోళ్ల పరిశ్రమ చానా కాలం యీ తంగేడు చెక్కమీదే నడిచింది. తర్వాత ఆఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగింది, ఆ తర్వాత క్రోమ్ వుప్పులు వచ్చినాయి. మా నాయనకు అవేవీ తెలియవు. ఆయనకు తెలిసింది గుట్ట, చెక్క, లంద. దాంతోనే రైతులకు కపిలతొండాలూ, చెప్పులూ కుట్టిచ్చినాడు. బదులుగా కళ్లంకాడ గింజలు పెట్టించుకున్నాడు. మా జేజి తంగేడాకు నూరి బెణికిన కాలికి కట్టేది, పూలు కాచి తాపేది. గుట్ట మాకు పనీ, మందూ, పొయ్యిలోకి పుల్లా యిచ్చింది. దాన్ని సర్కారు కాయితాల్లో "బంజరు" అని రాసుకున్నారు.

యిది చెప్పి ఆ కాలం బంగారమని నేననడం లేదు. చచ్చిన గొడ్డును మోసేది మీ పనేనన్న కులం మీద నాకు యిప్పటికీ కోపం ఆరలేదు. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానేయమని చెప్పినాడు. అది మా గేరికి చేరేసరికి నేను కాలేజీకి వచ్చినాను. లంద కంపు నా వొంటిమీద వుందని బడిలో పిల్లోళ్లు బెంచీ చివరకు తోసేవాళ్లు. కాబట్టి పాతదాన్ని యేడ్చుకుంటా కూచోవడం నా వుద్దేశం కాదు. అయితే ఆ పాతదాన్ని తీసేసినోళ్లు దాని చోట మాకేం పెట్టినారనేది అడగాల్సిన మాటే.

రాబందుల సంగతే తీసుకోండి. గొడ్డు చస్తే మా నాయనా, చిన్నాయనా తోలు వొలిచి మిగతాది గేరి పక్కనున్న గొడ్లదిబ్బ మీద యేసి వచ్చేవాళ్లు. వాళ్లు కాళ్లు కడుక్కొనేలోపలే మింట్లోనుంచి రాబందులు దిగేవి. పొద్దుగూకేసరికి యెముకలు తప్ప యేమీ వుండేవి కాదు. నేను కాలేజీలో వున్నప్పటికి అవి తగ్గినాయి. తర్వాత కనపడనే లేదు. గొడ్డు కుళ్లేది, దిబ్బమీద కుక్కలు పెరిగినాయి. దిబ్బకు దగ్గరగా వుండే యిండ్లు యెవరివి? మావే. మా గేరిలో యేడేండ్ల పిల్లోణ్ని కుక్క కరిస్తే పసరు పోయించినారు. సూది యేయించుకోవాలని తెలిసేలోపల పిల్లోడు నీళ్లను చూసి భయపడడం మొదలైంది. బతకలేదు.

రాబందులు యెందుకు చచ్చినాయో 2004లో తేలింది. గొడ్లకు నొప్పికి యేసే డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగిలి, అది తిన్న రాబందుల మూత్రపిండాలను పాడు చేసింది. పశువులకు ఆ మందును 2006లో దేశంలో నిషేధించినారు. అప్పటికి తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోయినాయి. 2024లో యెయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే యిద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కగట్టి, రాబందులు లేకపోవడం వల్ల 2000 నుంచి 2005 వరకు దేశంలో అదనంగా దాదాపు అయిదు లక్షలమంది మనుషులు చచ్చిపోయినారని రాసినారు. కుళ్లిన కళేబరాలూ, నీళ్లలో చేరే మురికీ, కుక్కలూ యిందుకు కారణాలు. ఆ అయిదు లక్షల్లో మా గేరి పిల్లోడు వున్నాడో లేడో యెవరూ చెప్పలేరు. నాకు మాత్రం ఆ లెక్క చదివినప్పుడు వాడే గుర్తొచ్చినాడు. రాబందులను పెంచి వొదలడానికి కేంద్రాలు పెట్టినారు, డబ్బులిచ్చినారు. మంచిదే. చచ్చిన గొడ్లను గేరి పక్కన కాకుండా యెక్కడ పూడ్చాలో, ఆ పని యెవరు చేయాలో, చేసినోడికి చేతితొడుగులు యెవరిస్తారో మాత్రం మా పంచాయతీలో యెప్పుడూ చర్చకు రాలేదు.

యిక గుట్ట సంగతి. 1980లలో సామాజిక అడవులని వొక పథకం వచ్చింది. పల్లెల్లో వంటచెరుకు తక్కువైంది, బంజర్లలో చెట్లు పెంచితే పేదల పొయ్యి మండుతుందని చెప్పినారు. మా తంగేడు గుట్టను దున్ని నీలగిరి నాటినారు. గుంతలు తవ్వింది మావోళ్లే. కూలి మాకే వచ్చింది. ఆ యేడు మా యింట్లో మూడుపూటలా సంగటి వుడికింది, అబద్ధం చెప్పను. నీలగిరి యెదిగినాక దాన్ని వేలమేసి లారీల్లో కాగితం మిల్లుకు యెత్తినారు. పొయ్యిలోకి మాకు మిగిలింది ఆకు. తంగేడు పోయింది, దాంతో చెక్క పోయింది. అప్పటికే కపిలల చోట కరెంటు మోటార్లు వచ్చినాయి, ప్లాస్టిక్ చెప్పులు వచ్చినాయి. మా నాయన లందను మన్నుతో పూడ్చి కూలికి పోయినాడు.

అదే కాలంలో కాలవ వచ్చింది. నంద్యాల చుట్టుపక్కల పాత కర్నూలు-కడప కాలవ యింగిలీషోళ్ల కాలం నాటిది. 1983లో మొదలైన తెలుగుగంగ కాలవ అట్లా కాదు. వెలుగోడు నుంచి కొండ అడుగు వెంబడే వచ్చింది. మద్రాసుకు 15 టీఎంసీల తాగునీళ్లు యివ్వాల, దారిలో సీమ భూములూ తడవాల, అదీ లెక్క. సీమకు నీళ్లొద్దని నేనెందుకంటాను? కరువు చూసినోణ్ని. కాకపోతే నీళ్లు భూమి వున్నోడి చేనికే పోతాయి. కొర్రా, జొన్నా పండే చేన్లు వరిమళ్లయినాయి, నల్లరేగళ్లు పత్తయినాయి. జొన్న పోయిందంటే జొన్నచొప్ప పోయింది, గట్లమీది చెట్లు పోయినాయి, చేనిలో పుల్ల యేరుకొనే చోటు పోయింది. మాకు భూమి లేదు. మా అమ్మోళ్లు నాటుకూ, పత్తి తీతకూ పోయినారు. మడిలో నానిన కాళ్ల యేళ్లసందులు వొరిసిపోయేవి. సాయంత్రం దోమలు. జ్వరమొస్తే వారం. అయినా పొయ్యి మండాలి గదా. పుల్లకు యిక మిగిలింది కొండే.

మాయమ్మా, ఆమె జతగాళ్లూ కోడికూతకు ముందే లేచి కొడవలి, తాడు, వొక రొట్టె కట్టుకొని పోయేవాళ్లు. మధ్యాహ్నం దాటినాక మోపులతో దిగేవాళ్లు. వారానికి రెండు మోపులు యింటికి, మిగతావి ఆళ్లగడ్డ హోటళ్లకు. ఆ మోపు డబ్బులతోనే నా పదో తరగతి పరీక్ష ఫీజు కట్టినారు. మోపు మోయడం ఆరోగ్యమని చెప్పడం లేదు. మాయమ్మ మెడ నలభై యేండ్లకే వొక పక్కకు వొరిగింది. జతగాళ్లలో గర్భసంచి జారినోళ్లు యిద్దరు. గార్డు కొడవలి గుంజుకుంటే వాడి కాళ్లు పట్టుకొనేవాళ్లు. పట్టుకున్నా కొన్నిసార్లు దండగ కట్టాల్సి వచ్చేది. యింతా చేసి తెచ్చింది మాత్రం బాగా యెండిన, మణికట్టంత లావున్న కొండ కట్టె. దాని సంగతి గుర్తుపెట్టుకోండి. ముందుముందు పని పడుతుంది.

దండోరా మొదలైన 1994లోనే రాష్ట్రంలో అడవులకు ప్రపంచబ్యాంకు అప్పు వచ్చింది. అంతకు రెండేండ్ల ముందు, 1992లో, అడవిని జనంతో కలిసి కాపాడాలని సర్కారు జీవో తీసింది. వనసంరక్షణ సమితులు పుట్టినాయి. మా వూళ్లోనూ పెట్టినారు. మీటింగు రచ్చకట్ట మీద. మావోళ్లు కిందనే నిలబడినారు. అధ్యక్షుడు భూమి వున్న పెద్దకులం మనిషి. సభ్యుల లిస్టులో మా గేరి పేర్లు చానా వుండాయి. చెట్లు యెదిగేదాకా అయిదేండ్లు కొండవార గొడ్డలి పెట్టకూడదు, మేక పోకూడదు, మోపు దిగకూడదని తీర్మానం రాసినారు. మాయమ్మ యేలిముద్ర యేసింది. దాంట్లో యేముందో ఆయమ్మకు చదివి చెప్పినోడు లేడు. చదువు వచ్చినోణ్ని నేను పక్కనే వున్నాను, నేనూ చెప్పలేదు.

యెందుకంటే నాకు వాచర్ పని యిస్తామన్నారు. యింటరు తప్పి వూరికే తిరుగుతావున్నాను. నెలకు ఆరు వందలు. ఖాకీ చొక్కా. మా గేరిలో సర్కారు చొక్కా తొడిగిన మొదటోణ్ని నేనే. "మన పిల్లోడే కాపలా, మనకేం భయం" అని గేరి సంబరపడింది. మాదిగోళ్ల మోపులాపడానికి మాదిగోణ్నే పెట్టినారని అప్పుడు నాకు తోచలేదు. తోచినా చొక్కా విప్పేవాణ్నా అంటే, యిప్పటికీ చెప్పలేను.

మొదటి నెలలోనే ఆ రోజు వచ్చింది. కాలవ గట్టుమీద నేనూ, యింకో వాచరూ, సమితి మనుషులిద్దరూ నిలబడినాం. పదకొండుమంది ఆడోళ్లు మోపులతో దిగినారు. ముందు మాయమ్మ. నన్ను చూసి నవ్వింది. దారి యిస్తాననుకుంది.

"మోపు దింపండి" అన్నాను.

"యేంరా, నాక్కూడానా?"

"అందరికీనమ్మా. నిన్ను వొదిలిపెడితే తక్కినోళ్లను యెట్లా ఆపేది? వాళ్లు చూస్తాండారు."

మాయమ్మ కాసేపు నా చొక్కానే చూసింది. మోపు దింపింది. తాడు విప్పి భుజాన యేసుకుంది. "సరే నాయనా, నీ వుద్యోగం నిలబడనీ" అనింది. యెనకున్న పదిమందీ దింపినారు. వొక పెద్దమ్మ మాత్రం "అడవి నీ జాగీరయిందిరా?" అని వుమ్మేసి పోయింది. ఆ పదకొండు మోపులూ సమితి పేరుతో రాసి అధ్యక్షుని దొడ్లో యేయించినాం. ఆ తర్వాత అవి యే పొయ్యిలో కాలినాయో మీరే అనుకోండి.

అడవి పెరిగింది. దీన్ని కూడా నిజాయితీగా చెప్పాలి. నాలుగేండ్లకు కొండవార పచ్చబడింది. వానకు మన్ను కొట్టుకుపోవడం తగ్గింది. నెమళ్లు వచ్చినాయి. మాకు పైనున్న నల్లమలలో 1990లో గుండ్లబ్రహ్మేశ్వరం అభయారణ్యం ప్రకటించినారు. శ్రీశైలం అడవుల నుంచి శేషాచలం దాకా పులులు తిరిగే దారి యీ కొండలేనని యిప్పుడు అంటావున్నారు. పులి బతకాలి. అడవి నిలబడాలి. అడవి లేకపోతే కుందూకు నీళ్లూ, మాకు వానా లేవని నాకు తెలుసు. అడవిని కాపాడినందుకు నేను సిగ్గుపడడం లేదు. కాపాడిన అడవి ఖరీదు యెవరి రొమ్ములోనుంచి తీసినారో చూడనందుకు సిగ్గుపడతావున్నాను.

యెందుకంటే మోపు ఆగినా పొయ్యి ఆగలేదు. కొండ కట్టె పోయిన చోట పత్తికట్టె వచ్చింది. పత్తి పెరికినాక రైతులు పీకి పారేసే పుల్ల అది. వూరికే వస్తుంది. యేడాదంతా మందు కొట్టిన చెట్టు గదా, అంటిస్తే మందు వాసన కొట్టేది. అది అయిపోతే నీలగిరి ఆకు. అదీ లేకపోతే పిడకలు, పచ్చి సర్కారు కంప.

యిప్పుడు ఆ కొండ కట్టె సంగతి. లావుపాటి యెండు కట్టె వొకసారి అంటుకుంటే తానే కాల్తుంది. ముందుకు నెట్టి, యీలోపల పిల్లకు జడేసుకోవచ్చు, బయట వాకిలి వూడ్చుకోవచ్చు. పత్తిపుల్ల అట్లా కాదు. గుప్పెడు పెడితే భగ్గుమని ఆరుతుంది. మళ్లీ గుప్పెడు. మళ్లీ వూదుగొట్టం. సంగటి వుడికేదాకా ఆడమనిషి పొయ్యిముందు నుంచి కదలకూడదు. మాది వొంటిదూలం కొట్టం. కిటికీ లేదు. సగం కాలి సగం కాలకుండా పోయే ఆ పొగలో కంటికి కనపడని సన్నటి నుసి వుంటుంది. అది ముక్కు దగ్గర ఆగదు, వూపిరితిత్తుల అడుగుకు పోతుంది. అక్కడ వాపు తెస్తుంది. వాపు యేండ్ల తరబడి వుంటే గాలిదారులు సన్నబడి మళ్లీ తెరుచుకోవు. డాక్టర్లు దాన్నే సీఓపీడీ అంటారు. పొగతాగేవాళ్ల జబ్బని దానికి పేరు. పొయ్యిముందు కూచున్నోళ్ల జబ్బని కూడా పేరు పెట్టాలి.

యిది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. కిర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్త 1980ల మొదట్లోనే గుజరాత్ పల్లెల్లో వంటచేసే ఆడవాళ్లు పీల్చే పొగను కొలిచి లోకానికి చెప్పినాడు. యింట్లో వంటపొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షలమంది చచ్చిపోయినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే మా వూళ్లో సమితి తీర్మానం రాసేటప్పటికి, పొగ యేం చేస్తుందో తెలిసినోళ్లు లోకంలో వుండినారు. అడవికి అప్పిచ్చినోళ్ల దగ్గర పుస్తకాలు లేవని యెవరంటారు? పొయ్యిని గురించి అడగాలని యెవరికీ అనిపించలేదు, అంతే.

నేను రెండేండ్లు ఆ సమితి రిజిస్టరు రాసినాను. అందులో యేమేం గళ్లు వుండేవో నాకిప్పటికీ నోటికి వచ్చు. గుంతలెన్ని, మొక్కలెన్ని, బతికినవెన్ని, కందకం పొడవెంత, కూలీలెంతమంది, యిచ్చిందెంత. కట్టె ఆపిన యిండ్లెన్ని అనే గడి లేదు. ఆ యిండ్లలో యిప్పుడు దేంతో వండుతావున్నారనే గడి లేదు. 2002లో మళ్లీ ప్రపంచబ్యాంకు డబ్బుతో సామాజిక అటవీ యాజమాన్యం అని పేరు మారింది. పెద్ద పుస్తకం వచ్చింది, గళ్లు పెరిగినాయి. ఆ గడి మాత్రం రాలేదు.

గ్యాసు యిచ్చినారు గదా అంటారు. యిచ్చినారు. 1999లో దీపం పథకం వచ్చింది. కొన్నాళ్లకు మాయమ్మకూ కనెక్షన్ వచ్చింది. సిలిండరు యింటికి వచ్చినరోజు పసుపు పూసి బొట్టు పెట్టింది. అది అయిపోయినాక మళ్లీ నింపించాలంటే వారంపైగా పత్తి తీసిన కూలి కావాలి. ఆళ్లగడ్డనుంచి తేవడానికి ఆటో బాడుగ వేరే. మూలన పెట్టి పాతచీర కప్పింది. చుట్టాలొస్తే టీ పెట్టడానికి మాత్రం వెలిగించేది. 2016లో వుజ్వల వచ్చేనాటికి మాయమ్మ లేదు. కనెక్షన్లు లెక్కపెట్టడం సులువు. ఆ యింట్లో నిన్న సంగటి దేనిమీద వుడికిందో లెక్కపెట్టాలంటే లోపలికి వంగి చూడాలి. మా కొట్టాలకు గడప చిన్నది.

డబ్బులు లేవని యెవరైనా అంటే నమ్మొద్దు. గనులకూ, ప్రాజెక్టులకూ అడవిభూమి యిచ్చినప్పుడు కట్టించుకొనే పరిహార నిధికి 2016లో చట్టం చేసినారు. 2019లో ఆ నిధిలోనుంచి రాష్ట్రాలకు 47 వేల కోట్లకు పైగా రూపాయలు పంచినారు. వొకచోట చెట్టు కొడితే యింకోచోట చెట్టు నాటాలని దాని నీతి. నాటే చోటు యెవరిది? మళ్లీ యేదో వొక గేరి పక్కనున్న గుట్టే. తంగేడు గుట్టను మళ్లీ యెవరో "బంజరు" అని రాస్తారు.

కంచె యేసి డబ్బు పెడితే చాలదనేదానికి మా జిల్లాలోనే యింకో గుర్తు వుంది. నందికొట్కూరు పక్క రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టినారు. పిట్టకు కావలసింది గడ్డిబీడు. కంచె లోపల కొంత గడ్డి నిలిచింది. కంచె బయట కాలవలొచ్చి బీడ్లన్నీ మళ్లయినాయి. పిట్ట దాదాపు మాయమైంది. కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల పేదరైతుల చేన్లు మేసినాయి. అటు పిట్ట మిగల్లేదు, యిటు పంట మిగల్లేదు. పిట్టయినా మనిషయినా బతికేది కంచె లోపలా బయటా కలిసివున్న నేలమీదే.

2006లో అటవీహక్కుల చట్టం వచ్చినప్పుడు కొండకు పోయే హక్కు మాకూ వస్తుందేమోనని నేను కాయితాలు పట్టుకొని తిరిగినాను. అప్పటికి వాచర్ పని పోయింది. ప్రపంచబ్యాంకు డబ్బు అయిపోతే చొక్కా కూడా అయిపోయింది. చట్టం చదివితే, గిరిజనులు కానోళ్లు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 యేండ్లు, అడవి మీద ఆధారపడి అక్కడే వున్నట్టు చూపించాలని వుంది. చెంచులకు వచ్చిన హక్కును నేను తప్పుపట్టను, అది వాళ్లకు యెన్నడో రావలసింది. కానీ మా జేజి మోసిన మోపులకు రసీదు యెవరిచ్చినారు? యిచ్చిన రసీదులు దండగలవే. అవి కూడా మావోళ్లు చింపి పారేసినారు, అవమానమని. దాచిపెట్టివుంటే అవే సాక్ష్యమయ్యేవి.

మాయమ్మ దగ్గు మొదట చలికాలం దగ్గే. తర్వాత యేడాదంతా. పత్తి తీతలో వెనకబడితే మేస్త్రీ కూలి కోసినాడు. క్షయ అనుకొని మందులు వాడించినాం, తగ్గలేదు. చివరకు నంద్యాల. ఆ డాక్టరమ్మ మంచిది. పీల్చే మందు రాసిచ్చి, "పొగకు దూరంగా వుంచండి" అనింది. బస్సులో వస్తావుంటే మాయమ్మ నవ్వింది. "పొగకు దూరంగా వుండి బువ్వకు దగ్గరగా యెట్లా వుండేదిరా?" అనింది. పీల్చే మందు నెలకొకటి కావాలి. రెండు నెలలకొకటి కొన్నాను. 2009లో, చలికాలంలోనే, తెల్లారుజామున పోయింది. కోడికూతకు ముందు. యెప్పుడూ కొండకు లేచే యేళకు.

చావు తెల్లారి దినం ఆ పెద్దమ్మ వచ్చింది, ఆ రోజు కాలవ గట్టున వుమ్మేసిన మనిషి. ఆయమ్మకూ అదే దగ్గు. నా పక్కన కూచొని, "నీదేం తప్పు లేదులేరా, నువ్వు లేకుంటే యింకోణ్ని పెట్టేవోళ్లు" అనింది. నన్ను వోదార్చడానికే అనింది. కానీ నాకు వోదార్పు అక్కర్లేదు. యింకోణ్ని పెట్టేవోళ్లన్నది నిజమే. పెట్టినోళ్లు వేరే, నిలబడినోణ్ని నేను. రెండూ నిజమే. మన దళిత పిల్లోళ్లు చదువుకొని సర్కారు చొక్కాలు తొడుగుతావున్నారు, తొడగాలి కూడా. తొడిగినాక యెవరి మోపు దింపుతావున్నామో చూసుకోవాలని చెప్పడానికే యిదంతా రాస్తావున్నాను.

నంద్యాలలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. దాంట్లో మన పిల్లోళ్లు కూడా చేరతావున్నారు. వాళ్లకొక మాట. దగ్గుతో గేరి ఆడమనిషి వస్తే బీడీ సంగతి అడిగి వొదిలేయొద్దు. ఆ డాక్టరమ్మ అడిగినట్టు అడగండి. యేం కట్టెలు? అంతకుముందు యేం కట్టెలు? యెప్పటినుంచి మారినాయి? యెందుకు మారినాయి? నాలుగు ప్రశ్నలకు జవాబులు రాస్తే, వూరి నేల యెట్లా మారిందో మీ చీటీమీదే కనపడుతుంది.

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వొక మాట. అడవి వద్దనకండి. అడవికి వచ్చే ప్రతి రూపాయి పక్కనా పొయ్యిని నిలబెట్టండి. కొండ మూసే రోజే గ్యాసు నింపే డబ్బు కూడా ఆ నిధిలోనుంచే రావాలని అడగండి. గేరి పక్క గుట్టమీద నాటితే మాకు పొయ్యిలోకి వచ్చే చెట్టే నాటాలని, యెండుపుల్ల మాదేనని తీర్మానంలో రాయించండి. రాసింది యేలిముద్ర యేసేవాళ్లకు చదివి వినిపించండి. రిజిస్టరులో కొత్త గడి గీయించండి: కట్టె ఆపిన యిల్లు, ఆ యింట్లో దగ్గే మనిషి. ఆ గడిలో మొదటి పేరు మాయమ్మది రాయండి. పక్కన, మోపు దింపించినోడని, నా పేరు రాయండి.